మామిడి పండు ఈగ: దాని బతుకు తెలుసుకుని, తెగేచోట తెంచే పద్ధతి

కాయలో పురుగు కనిపించాక మందు కొట్టే మామిడి రైతులు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆ మందు పురుగుకు తగలదు. మందు తొక్క మీద ఉంటుంది, పురుగు గుజ్జులో ఉంటుంది. పండు ఈగ బతుకులో నాలుగు దశలు: గుడ్డు, పిల్లపురుగు, ప్యూపా, రెక్కల ఈగ. మొదటి రెండు దశలు కాయ లోపల గడుస్తాయి, మూడోది మట్టిలో. చెట్టంతా తడిసేలా పిచికారీ చేసినా దెబ్బ తగిలేది నాలుగో దశకే, అదీ ఆ పూట ఆ చెట్టు మీద వాలి ఉన్న ఈగలకే. నా లెక్కలో ఈ ఈగ మీద పోరాటం సగానికి పైగా చెట్టు కింద, రాలిన కాయల దగ్గర జరగాలి. ఎందుకో తెలియాలంటే ముందు దాని బతుకు తెలియాలి.

ముందుగా: అది పండు ఈగేనా?

మామిడి కాయను పాడుచేసే పురుగులు చాలా ఉన్నాయి. అన్నిటికీ ఒకే వైద్యం పనికిరాదు. అనుమానం ఉన్న కాయను నిలువుగా కోసి చూడండి.

గుజ్జు మెత్తబడి, నీరుకారి, అందులో తెల్లటి లేదా లేత పసుపు రంగు పురుగులు గుంపుగా ఉంటే, వాటికి కాళ్లు లేకుండా ముందువైపు సన్నగా, వెనకవైపు లావుగా ఉంటే అది పండు ఈగ పిల్లే. గుజ్జు బాగానే ఉండి టెంక లోపల మాత్రమే పురుగు కనిపిస్తే అది టెంక పురుగు. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే ముక్కు దగ్గర రంధ్రం పడి, అందులోంచి పిప్పి బయటికి వస్తూ, లోపలి పురుగు ఒంటి మీద ఎర్రటి పట్టీలు ఉంటే అది కాయతొలుచు పురుగు. కోస్తా జిల్లాల తోటల వాళ్లకు దీని సంగతి బాగా తెలుసు. ఈ రెండింటికీ కింద చెప్పే పండు ఈగ ఎరలు, బుట్టలు పనిచేయవు.

మామిడి మీదికి వచ్చే పండు ఈగల్లో ముఖ్యమైనది బాక్ట్రోసెరా డార్సాలిస్. దాని దగ్గరి బంధువులు జొనాటా, కరెక్టా కూడా మన తోటల్లో ఉంటాయి. డార్సాలిస్ ఇంటి ఈగ కంటే కాస్త పొడవు, దాదాపు 8 మిల్లీమీటర్లు. నడుము దగ్గర కందిరీగలా సన్నబడుతుంది. వీపు మీద రెండు పక్కలా పసుపు చారలు, పొట్ట మీద ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో నల్లటి గీత ఉంటాయి. ఆడ ఈగకు తోక చివర సూదిలాంటి గొట్టం ఉంటుంది. దానితోనే కాయను పొడుస్తుంది.

గుడ్డు నుంచి ఈగ దాకా

ఆడ ఈగ తొక్కను పొడిచి, తొక్క కిందనే గుడ్లు పెడుతుంది. గుడ్డు తెల్లగా, సన్నగా, మిల్లీమీటరుకు కొద్దిగా ఎక్కువ పొడవుంటుంది. ఒక్క పోటులో కొన్ని గుడ్లే పెట్టవచ్చు, పాతికకు పైగా కూడా పెట్టవచ్చు. ఇదివరకే వేరే ఈగ పొడిచిన చోటో, కాయకు గాయమైన చోటో దొరికితే అక్కడే పెట్టడానికి ఇష్టపడుతుంది. కాబట్టి ఒక్క కాయలో రెండు మూడు ఈగల పిల్లలు కలిసి ఉండటం మామూలే. మంచి ఆహారం దొరికితే ఒక ఆడ ఈగ జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు.

పచ్చి కాయను పొడిస్తే సొన కారుతుంది, గుడ్లు చాలావరకు పాడవుతాయి. కాయ పక్వానికి వచ్చి, రంగు తిరిగి, తొక్క మెత్తబడే వేళకే ఈగకు అనువు. ఈ విషయం గుర్తుంచుకోండి, కోత దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మన వేసవి వేడికి గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతుంది. పిల్లపురుగు గుజ్జు తింటూ కాయ లోపలికి పోతుంది. అది తినే గుజ్జులో బాక్టీరియా చేరి కుళ్లు మొదలవుతుంది. కాయ మెత్తబడటానికి పురుగు తిండి కన్నా ఈ కుళ్లే ఎక్కువ కారణం. రెండుసార్లు కుబుసం విడిచి, వారం నుంచి పది రోజుల్లో సెంటీమీటరు పొడవుకు ఎదుగుతుంది. ఈలోపు కాయ సాధారణంగా రాలిపోతుంది.

ఎదిగిన పురుగు కాయకు కన్నం చేసుకుని బయటికొస్తుంది. ఒంటిని విల్లులా వంచి, నోటి కొక్కేలతో తోక పట్టుకుని, ఒక్కసారిగా వదిలి ఎగురుతుంది. అలా గెంతుతూ కాయకు దూరంగా పోయి, మెత్తటి మట్టి దొరికిన చోట రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. అక్కడ దాని చర్మమే గట్టిపడి గోధుమరంగు పెంకు అవుతుంది. అదే ప్యూపా. చూడటానికి పెద్ద గోధుమ గింజలా ఉంటుంది. తేమ ఉన్న నేలలో ఇంచుమించు పది రోజులకు పెంకు చిట్లించుకుని ఈగ పైకొస్తుంది.

పైకొచ్చిన ఈగ వెంటనే గుడ్లు పెట్టలేదు. దాని కడుపులో గుడ్లు తయారవడానికి మాంసకృత్తులు కావాలి. వాటి కోసం ఆకుల మీది బాక్టీరియాను, పక్షుల రెట్టలను, తేనెమంచు పురుగు వదిలిన జిగటను నాకుతూ ఎనిమిది నుంచి పన్నెండు రోజులు తిరుగుతుంది. సాయంత్రం చీకటి పడే వేళ మగ ఈగలతో జతకడుతుంది. ఆ తర్వాతే కాయల మీదికి వస్తుంది. అప్పటి నుంచి రెండు మూడు నెలలు కూడా బతకగలదు. తేనెమంచు పురుగును పూత దశలోనే అదుపు చేసిన తోటలో ఈగకు ఒక తిండి తగ్గుతుందన్న సంగతి చాలామంది పట్టించుకోరు.

ఇప్పుడు తేదీలు వేసి చూడండి. ఏప్రిల్ 20న ఒక కాయలో గుడ్లు పడ్డాయనుకుందాం. 22కు పొదుగుతాయి. నెలాఖరుకు పురుగులు మట్టిలోకి దిగుతాయి. మే 10కి ఈగలు పైకొస్తాయి. మే 20-22కు ఆడ ఈగలు గుడ్లు పెట్టడానికి సిద్ధం. ఏప్రిల్‌లో ముందుగా మాగి రాలిన నాలుగు కాయలను ఎవరూ ఎత్తకపోతే, వాటి సంతానం మే చివర కోసే కాయలను పట్టుకుంటుంది. మొదటి కోతలో ఏమీ లేదు, చివరి కోతంతా పోయింది అని రైతులు అనేది ఇందుకే. తొలకరి వాన పడి నేల తడిస్తే మట్టిలోని ప్యూపాలు ఎండిపోకుండా బతికి ఈగలుగా పైకొస్తాయి. అందుకే జూన్ కోతలో నష్టం మరీ ఎక్కువ.

డబ్బాలో పెంచి చూడండి

చదివిన దానికంటే కళ్లతో చూసినది మనసులో నిలుస్తుంది. ఖర్చు లేని పని, ఇంట్లో పిల్లలతో కలిసి చేయవచ్చు.

వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని అడుగున నాలుగు వేళ్ల మందాన జల్లించిన ఇసుక పోయండి. పిడికిట పడితే ముద్దగా నిలిచి, నీరు కారనంత తడి చాలు. ఇసుక మీద నాలుగు పుల్లలు అడ్డంగా పేర్చి, వాటిపైన అనుమానం ఉన్న కాయను పెట్టండి. నేరుగా ఇసుకలో పెడితే కుళ్లు నీరు దిగి పురుగులు చస్తాయి. మూతికి పలుచని గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయండి. చీమలు పట్టకుండా డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంలో ఉంచండి. నీడలో పెట్టి, డబ్బా మీద తేదీ రాయండి.

రోజూ ఒకసారి చూడండి. పురుగులు గెంతుతూ గుడ్డకు తగలడం వినిపిస్తుంది కూడా. కాయ పూర్తిగా కుళ్లాక తీసేసి, ఇసుకను జల్లెడ పట్టండి. గోధుమరంగు గింజలు తేలతాయి. వాటిని లెక్కపెట్టండి, ఒక్క కాయలోంచి ఎన్ని వచ్చాయో చూస్తే రాలిన కాయ విలువ అర్థమవుతుంది. వాటిని మళ్లీ తడి ఇసుకలో వేసి గుడ్డ కట్టి ఉంచితే పది రోజుల్లో ఈగలు వస్తాయి. కొన్నింట్లోంచి ఈగకు బదులు సన్నటి, పొడవాటి మీసాల కందిరీగలు రావచ్చు. అవి మనవైపు ఉన్నవి. పండు ఈగ గుడ్డులోనో పిల్లలోనో తమ గుడ్డు పెట్టి, దాన్ని తిని పెరిగేవి. వాటిని తోటలో వదలండి. ఈగలను మాత్రం డబ్బాతో సహా కవర్లో మూటకట్టి ఎండలో పెట్టి చంపండి, ఒక్కటి కూడా బయటికి పోనివ్వకండి.

మొదటి అడ్డుకట్ట: రాలిన కాయ

అన్నిటికంటే చవకైనదీ, అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేదీ ఇదే. కాయలు రాలడం మొదలైనప్పటి నుంచి చివరి కోత అయ్యాక మరో రెండు వారాల దాకా, రెండు మూడు రోజులకు ఒకసారి చెట్ల కింద రాలిన ప్రతి కాయా ఏరాలి. వారానికి ఒకసారి అంటే ఆలస్యమే. కాయ రాలేసరికే లోపలి పురుగు సగం ఎదిగి ఉంటుంది, వారం ఆగితే మట్టిలోకి దిగిపోతుంది. ఏరినవాటిని గట్టు మీద పోగు పెట్టడం, కాలవలో పడేయడం, పెంటకుప్పలో పైపైన వేయడం చేస్తే ఏరిన కష్టం వృథా. అక్కడి నుంచి కూడా ఈగ వస్తుంది.

ఏరిన కాయలను రెండడుగుల లోతు గుంత తీసి వేసి, పైన మట్టి కప్పి తొక్కండి. వదులుగా కప్పితే లోపలి ఈగలు మట్టి తోసుకుని పైకి రాగలవు. గుంత తీయడం కుదరకపోతే మందపాటి ప్లాస్టిక్ సంచిలో నింపి, మూతి గట్టిగా బిగించి, రెండు వారాలు మండుటెండలో ఉంచండి. లోపలి వేడికి పురుగులు చస్తాయి. హవాయిలో ఒక మంచి ఉపాయం చేశారు. రాలిన కాయలను చిన్న గుడారంలో వేస్తారు. దాని పైభాగాన అమర్చిన వల కన్నాలు ఈగ దూరలేనంత, కందిరీగ దూరగలిగేంత సైజులో ఉంటాయి. ఈగలు లోపలే చస్తాయి, మేలు చేసే కందిరీగలు తోటలోకి పోతాయి. పెద్ద తోటలున్న వాళ్లు దీన్ని ఆలోచించవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దగ్గర చాలా తోటలు పూత మీదో పిందె మీదో గుత్తకు పోతాయి. గుత్తదారుకు కావాల్సింది ఆ ఏటి కాయ. రాలిన కాయ ఏరడానికి కూలి పెట్టాలని అతనికి ఉండదు. తోట యజమాని ఊళ్లో ఉండడు. మధ్యలో ఈగ బాగుపడుతుంది. గుత్త మాట్లాడేటప్పుడే రాలిన కాయ ఏరి పాతిపెట్టే బాధ్యత ఎవరిదో, ఆ కూలి ఎవరిదో కాగితంలో రాసుకోండి. వచ్చే ఏడు కూడా తోట మీదే కాబట్టి, అవసరమైతే ఆ కూలి మీరే పెట్టుకోండి.

రెండో అడ్డుకట్ట: మట్టి

కోత అయిపోగానే పాదుల్లోనూ, చెట్టు కొమ్మలు నీడ పరిచినంత మేరా పైపైన దున్నండి. ప్యూపాలు ఉన్నది రెండు మూడు అంగుళాల లోపే, కాబట్టి వేర్లు తెగేంత లోతు అక్కర్లేదు. బయటపడ్డ ప్యూపాలను ఎండ, చీమలు, పక్షులు చూసుకుంటాయి. తోటలో నాటుకోళ్లు వదలగలిగితే ఇంకా మంచిది. అవి మట్టి గీరి పురుగులను, ప్యూపాలను ఏరుకు తింటాయి. పెరట్లో ఒకటి రెండు చెట్లున్న వాళ్లు పార పట్టి మట్టి తిరగేస్తే సరిపోతుంది.

మూడో అడ్డుకట్ట: మగ ఈగల బుట్టలు

బీహార్‌లోని పూసాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త హౌలెట్ 1912లో, నిమ్మగడ్డి జాతి సిట్రోనెల్లా నూనెకు పండు ఈగల్లో మగవి ఎగబడుతున్నాయని రాశాడు. 1915 నాటికి ఆ ఆకర్షణకు కారణం మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థం అని తేల్చాడు. మగ ఈగలను రప్పించి చంపడానికి ఇప్పుడు మనం చెట్లకు కట్టే ఎర బుట్టల మూలం అదే, అదీ మన దేశంలోనే. పసిఫిక్ సముద్రంలోని రోటా అనే చిన్న ద్వీపంలో 1965లో కేవలం ఈ ఎరతో మగ ఈగలను చంపి డార్సాలిస్‌ను పూర్తిగా లేకుండా చేశారు. జపాన్ తన దక్షిణ ద్వీపాల్లో 1986 నాటికి అదే సాధించింది.

ద్వీపంలో అయిన పని మన తోటలో ఎందుకు కావడం లేదు? ద్వీపానికి చుట్టూ సముద్రం. మన తోటకు చుట్టూ పక్కవాళ్ల తోటలు. ఒక మగ ఈగ చాలా ఆడవాటితో జతకట్టగలదు కాబట్టి మగవాటిలో దాదాపు అన్నీ పోతేనే ఫలితం. పైగా పక్క తోటలో జతకట్టిన ఆడ ఈగ ఎగిరొచ్చి మీ కాయను పొడిస్తే మీ బుట్ట ఆపలేదు. ఆడ ఈగలు ఈ ఎరకు రావు. ఊళ్లో తోటలవాళ్లంతా ఒకేసారి కట్టినప్పుడే దీని అసలు బలం తెలుస్తుంది. ఒక్కరే కట్టినా ఒక లాభం మాత్రం ఉంది, ఈగ ఎప్పుడు పెరుగుతోందో బుట్ట చెబుతుంది.

తయారీ ఇలా. ఐదు సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్కలు, సెంటీమీటరు మందం ఉన్నవి తీసుకోండి. ఆల్కహాల్ ఆరు పాళ్లు, మిథైల్ యూజినాల్ నాలుగు పాళ్లు, పురుగుమందు ఒక పాలు (ఇదివరకు మలాథియాన్ వాడేవారు, ఇప్పుడు ఏది వాడాలో ఉద్యాన అధికారిని అడగండి) కలిపి, ఆ ద్రావణంలో ముక్కలను ఒకటి రెండు రోజులు నానబెట్టండి. చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఖాళీ నీళ్ల సీసాకు పక్కలకు వేలు పట్టేంత కన్నాలు నాలుగు పెట్టి, లోపల ముక్కను వేలాడదీయండి. తయారుగా ఉన్న బుట్టలు కూడా మందుల షాపుల్లో దొరుకుతాయి. కొనేటప్పుడు మామిడికి అని గట్టిగా చెప్పండి. కాకర, దోస, బీర వంటి తీగ కూరల ఈగకు వాడే క్యూలూర్ అనే ఎర వేరు, అది మామిడి ఈగను రప్పించదు.

ఎకరాకు పది వరకు, మనిషి ఎత్తులో, నేరుగా ఎండ పడని కొమ్మకు కట్టండి. కోతకు నెలన్నర ముందే మొదలుపెట్టాలి. నానబెట్టిన ముక్క ఆరు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. వేలాడదీసిన తీగకు గ్రీజు రాయండి, లేకపోతే చచ్చిన ఈగలను చీమలు మోసుకుపోయి మీ లెక్క తప్పుతుంది. వారానికోసారి ఈగలు లెక్కపెట్టి, పాతవి పారేసి, అంకె రాసిపెట్టండి. వరుసగా రెండు వారాలు అంకె ఎగబాకితే రాలిన కాయల ఏరివేతలో ఎక్కడో లోటు ఉందని అర్థం. మిథైల్ యూజినాల్ దొరకని చోట తులసి ఆకు నూరి వాడతారు. అందులోనూ ఇదే పదార్థం కొంత ఉంటుంది. కాకపోతే ఆకు త్వరగా ఎండుతుంది, తరచూ మార్చాలి.

బుట్ట కడితే పక్క తోట ఈగలు మన తోటకే వస్తాయని కొందరికి టెన్షన్. వచ్చేవి మగవే. అవి కాయను పొడవలేవు.

నాలుగో అడ్డుకట్ట: ఆడ ఈగకు ఎర

గుడ్లు తయారయ్యే ఆ పది రోజులూ ఆడ ఈగ ఆకలితో ఉంటుంది. లీటరు నీటికి వంద గ్రాముల బెల్లం కలిపి, అందులో సిఫార్సు చేసిన పురుగుమందు చేర్చి, కోతకు మూడు వారాల ముందు నుంచి చెట్టు మొదలు మీద, కింది కొమ్మల ఆకుల అడుగున అక్కడక్కడ చల్లండి. ప్రోటీన్ హైడ్రోలైసేట్ (మాంసకృత్తులను విడగొట్టి చేసిన ఎర) దొరికితే బెల్లం కంటే బాగా పనిచేస్తుంది. చెట్టంతా తడపాల్సిన పని లేదు, ఈగే వెతుక్కుంటూ వస్తుంది. కాయ మీద పడనివ్వకండి. ఏ మందు, ఎంత మోతాదు, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలి అనేది లేబుల్ మీద చూసి, మీ ఉద్యాన అధికారిని అడిగి నిర్ణయించుకోండి. వాన పడితే మళ్లీ చల్లాలి.

కవరు, కోత, వేడినీళ్లు

పెరటి చెట్టుకైనా, మంచి ధర వచ్చే కాయకైనా కాగితపు కవరు అంత నమ్మకమైనది మరొకటి లేదు. కాయ కోడిగుడ్డంత అయ్యాక తొడిమ దగ్గర సందు లేకుండా బిగించి కట్టండి. మచ్చలు పడవు, రంగు కూడా సమంగా వస్తుంది.

కోతను ఆలస్యం చేయకండి. భుజాలు నిండి, నీళ్లలో వేస్తే మునిగే కాయ పక్వానికి వచ్చినట్టే. చెట్టు మీదే రంగు తిరగాలని ఆగితే ఈగకు కావాల్సిన మెత్తదనం మనమే ఇచ్చినట్టు. కోసి ఇంట్లో మాగబెట్టిన కాయలో పురుగు చాలా తగ్గుతుంది.

కోసిన కాయలో అప్పటికే ఉన్న గుడ్లనూ పిల్లలనూ చంపడానికి ప్యాక్‌హౌసుల్లో 48 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో గంటసేపు ఉంచుతారు. జపాన్‌కు పంపే కాయకు ఆవిరి వేడి చికిత్స చేస్తారు. ఆ దేశం మన మామిడికి తలుపు తెరిచింది 2006లో. యూరోపియన్ యూనియన్ 2014 మే 1 నుంచి మన మామిడిని ఆపేసి, 2015 జనవరిలో తిరిగి అనుమతించింది. సరుకుల్లో పండు ఈగ దొరకడం ఆ నిషేధానికి ముఖ్య కారణాల్లో ఒకటి. 52 డిగ్రీల నీళ్లలో ఐదు పది నిమిషాలు ముంచే పద్ధతి వేరు, అది మచ్చ తెగులు కోసం. అంత తక్కువ సమయంలో వేడి కాయ లోపలికి చేరదు, పురుగు చావదు. కొందరు వ్యాపారులు రెండూ ఒకటేనని చెబుతారు, నమ్మకండి.

మామిడి అయిపోయాక ఈగ ఎక్కడికి పోతుంది?

ఎక్కడికీ పోదు. జూలై నుంచి వానకాలపు జామ మీద ఉంటుంది. తర్వాత సపోటా, బొప్పాయి, ఇంటి ముందు నీడకు పెంచే నాటు బాదం కాయలు. చలికాలం సంఖ్య తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మామిడి తోట గట్టు మీద నాలుగు జామచెట్లు ఉండి, వాటి కాయను ఎవరూ పట్టించుకోకపోతే ఏడాది పొడవునా ఈగను మేపుతున్నట్టే. ఆ చెట్లను కొట్టేయమని అనను. వాటి కింద రాలిన కాయ కూడా ఏరండి, వాటికీ రెండు బుట్టలు కట్టండి, డిసెంబరు దాకా లెక్క రాయండి. మళ్లీ ఫిబ్రవరిలో పిందె నిలిచే వేళకు మీ తోటలో ఈగ బలం ఎంతో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది, కొత్త ప్లైవుడ్ ముక్కలు ఎన్ని నానబెట్టాలో కూడా.